పేరు కొట్టిన గ్లాసు

సిలార్ సాహెబు ముందు తన మొహాన్ని గుర్తుపట్టలేదు, తన చొక్కాని గుర్తుపట్టాడు.

దర్జీ కళ్ళు అలాంటివి మరి. నర్సీపట్నంలో నలభై ఏళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి. పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతురి మొహం చూడడు, జాకెట్టు చంక దగ్గర ముడత పడిందా లేదా అని చూస్తాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం గురుప్రసాద్ ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టి "చూడండి సాయిబుగారూ, ఎంత ఘోరమో" అన్నప్పుడు కూడా అదే జరిగింది. వీడియోలో ఉన్న మనిషిది లేత నీలం చొక్కా. గుండీలన్నీ తెల్లవి, మూడోది మాత్రం గోధుమరంగుది. జేబు నల్లదారంతో కుట్టి ఉంది. ఈ దిక్కుమాలిన పని ఎవడు చేశాడబ్బా అని ఆ దర్జీని మనసులో తిట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత గుర్తొచ్చింది, నీలందారం అయిపోయిందని బద్ధకించి నల్లదారం ఎక్కించింది తనేనని. ఆ చొక్కా ఇప్పుడు ఇంట్లో దండెం మీద ఆరుతోంది.

"మళ్ళీ ఒకసారి వెయ్యి బాబూ," అన్నాడు.

గురుప్రసాద్ మళ్ళీ వేశాడు. టోపీ పెట్టుకున్న ముసలాయన ఒక ఆడమనిషి చేతిలో ఉన్న స్టీలు గ్లాసు మీదకి వంగాడు. ఆమెది మణికట్టు దాకా చెయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు. వీడియోని ఎంత నెమ్మది చేశారంటే, పెదాలు ముడుచుకోవడానికే పది సెకన్లు పట్టింది. ఆ పెదాల చుట్టూ ఎర్రటి సున్నా, పక్కన ఎర్రటి బాణం గుర్తు, వెనక భయంపెట్టే సంగీతం. కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "మంత్రించిన నీళ్ళంటూ ఉమ్మి ఇస్తున్నారు. మన పిల్లలకే. పదిమందికీ పంపండి." ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు.

"ఎక్కడిదో తెలీదండి. ఉత్తరాది అయ్యుంటాది. అటేపే ఇలాటివన్నీ," అన్నాడు గురుప్రసాద్.

గురుప్రసాద్ ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడు, ఊళ్ళోనే ఓ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. నిక్కర్ల నుంచి పెళ్ళి కోటు దాకా అతని బట్టలన్నీ ఈ చేతులే కుట్టాయి. నడుం కొలత నోటికొచ్చు. అలాంటివాడు తన మొహం తనకే చూపించి, ఎవడో పరాయివాడని చెబుతున్నాడు! అయితే అందులో వింతేమీ లేదు. షాపులో సాహెబుకి టోపీ ఉండదు, ముక్కు మీద లావుపాటి అద్దాలూ మెడలో టేపూ ఉంటాయి. మసీదుకెళ్ళేటప్పుడు అద్దాలు తీసి జేబులో పెట్టుకుని టోపీ పెట్టుకుంటాడు. ఆ మనిషిని గురుప్రసాద్ ఎన్నడూ తేరిపార చూసి ఉండడు.

"మీరు అలాటోరు కాదని నాకు తెలుసండీ," అన్నాడు గురుప్రసాద్ గొంతు తగ్గించి. "కానీ కాలనీ గ్రూపులో రెండొందల మంది ఉన్నారు. ఈ వీడియో పడ్డకాణ్ణించి ఒకటే గోల. పళ్ళు కొనొద్దంటాడొకడు, బట్టలియ్యొద్దంటాడొకడు. మీ షాపు పేరు కూడా ఎత్తాడండీ ఒక పెద్దమనిషి. నేనే ఆపాను. మా సాయిబుగారి జోలికి రావద్దన్నాను."

"ఈ వీడియో గ్రూపులో ఎవరు పెట్టారు బాబూ?"

"నేనే పెట్టానండి, నిన్న పొద్దున్న. అందరూ జాగ్రత్తగా ఉంటారు కదా అని." ఇంత మాటా తడుముకోకుండా చెప్పేశాడు. "అందుకే ఒక ఆలోచన చేశాను. ఆదివారం పొద్దున్న మా ఇంటికి రండి. ఫోన్లో తీస్తాను, మీరు రెండు ముక్కలు సెప్పండి. ఇది తప్పు, ఇలాంటి పని చేసినోడు అసలు ముస్లిమే కాదు అని. పెద్దమనిషి మాట కదా, అందరూ సల్లబడతారు. మీ షాపుకీ ఏటీ ఇబ్బంది ఉండదు."

మంచికే చెబుతున్నాడు, చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే పొమ్మనేవాడు సాహెబు. ఇలా ప్రేమగా భుజం మీద చెయ్యేసి, నిన్ను నువ్వే తిట్టుకో నేను నిన్ను కాపాడతానంటే ఏం చెయ్యాలి? "సూద్దాం బాబూ" అని గొణిగాడు. అది ఒప్పుకోలు అనుకుని గురుప్రసాద్ ఆ వీడియోని సాహెబు ఫోనుకి కూడా పంపించి, పొట్టి చేయించిన ప్యాంటు పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన షట్టరు సగం దించి, అద్దాలు తుడుచుకుని, వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి మరోసారి చూశాడు. ఈసారి గ్లాసుని చూశాడు. మన ఇళ్ళల్లో స్టీలు సామాను కొంటే కొట్టువాడి చేత పేరు కొట్టించుకుంటాం కదా, చుక్కలు చుక్కలుగా. ఆ గ్లాసు అంచు కిందా ఉంది అలాంటి పేరు. బొమ్మ మసకగానే ఉంది కానీ, మనసు పెట్టి చూస్తే ఎవరైనా చదవగలరు. పెదాల చుట్టూ సున్నా చుట్టినవాడు చదవలేదు. పంపినవాళ్ళూ, తిట్టినవాళ్ళూ చదవలేదు. జి. వర్ధనమ్మ. గురుప్రసాద్ కన్నతల్లి.

సాహెబు కత్తిరింపు బల్ల మీద చతికిలబడ్డాడు.

ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్న అలవాటే అది. పొద్దు కుంకే వేళ నమాజు అయ్యేసరికి మసీదు గేటు బయట ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడి ఉంటారు. బలిఘట్టం నుంచీ, కొత్తకోట నుంచీ కూడా ఆటోల్లో వస్తారు. ఎక్కువమంది హిందువులే. పిల్ల పాలు తాగడంలేదనో, నిద్దట్లో ఉలిక్కిపడుతోందనో వస్తారు. నమాజు చేసి బయటికొచ్చే మగవాళ్ళు ఒక్కొక్కరూ ఆగి, ఖురాను మొదట్లో వచ్చే అల్‌హమ్దు సూరా నోట్లోనే చదువుకుని, పిల్ల మొహమ్మీద మెల్లగా ఊది వెళ్తారు. గ్లాసుతో నీళ్ళు తెస్తే నీళ్ళమీదా ఊదుతారు. అంతే. ఒకరు అడగడం లేదు, ఒకరు పుచ్చుకోవడం లేదు. సిలార్ సాహెబు తండ్రి ఊదేవాడు, ఆయన తర్వాత ఈయన ఊదుతున్నాడు. ఊదితే ఏమవుతుందని ఎవరైనా అడిగితే ఈయన దగ్గర జవాబు లేదు. పిల్ల బాగుండాలని దేవుడి మాట చదివి ఊపిరి వదలడం, అందులో మళ్ళీ అడగడానికేముందని ఆయన అనుకునేవాడు.

పన్నెండు రోజుల కిందట వర్ధనమ్మగారు ఎనిమిది నెలల మనవరాలిని భుజాన వేసుకుని, ఈ గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. "పిల్ల నిద్దట్లో కేరుమని లేస్తంది సాయిబుగారూ. మా ప్రసాద్‌కి గాని, కోడలు హైమకి గాని తెలీనియ్యకండి. ఇద్దరూ సదువుకున్నోళ్ళు, నా ప్రాణం తీసేత్తారు" అంది. "నా నోటంట రాదమ్మగారూ. డాక్టరిచ్చిన మందు మాత్రం మానకండి" అన్నాడు ఈయన. ఆ రోజు నుంచీ ఆమె రోజూ వస్తూనే ఉంది. ఆమె సంగతి బయటపెట్టనని, అదీ ఆయన ఇచ్చిన మాట.

ఇప్పుడు చెప్పండి, ఏం చెయ్యాలి? అది నేనే అంటే, మరి గ్లాసు పట్టుకున్నది ఎవరంటారు. నేను కాదంటే, తండ్రి దగ్గర్నుంచి వచ్చిన పనిని తన నోటితోనే ఉమ్మి అని ఒప్పుకున్నట్టు. పైగా ముస్లిమే కాదని కూడా అనాలట! వాడు ముస్లిం కాకపోతే ఇంకెవడు? ఆలోచించినకొద్దీ ఆయనకి మతి పోయింది.

ఇంట్లో భార్య రహమత్‌బీ వీడియో చూడగానే గుండెలు బాదుకుంది. ఆవిడకి మొహం చూడక్కర్లేదు, వంగిన వీపు చూస్తే చాలు.

"ఏజీ, కాదని సెప్పీ. నీకేటి పోద్ది? కాదంటే అయిపోద్ది కదా."

"కాదని ఎలా సెప్తానే? నేనే కదా!"

"ఆళ్ళకి తెలీదు కదా నువ్వేనని."

"నాకు తెలుసు కదే!"

"నీకు తెలిస్తే ఎవుడికి కావాలి? ఈ వయసులో షాపు మూసుకుని కూకుంటావా? నేనడిగిందేటి, ఒక్క ముక్క. ఎవుడికీ అక్కర్లేని నిజం నీకొక్కడికే కావాలేటి?" అని ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. భయంతో అంటోందని ఆయనకి తెలుసు. తిట్టలేకపోయాడు.

ఆ సాయంత్రం, మర్నాడు సాయంత్రం కూడా ఆయన నమాజు చేసి, జనంతో పాటు గేటు వైపు రాకుండా, కాళ్ళు కడుక్కునే కుళాయిల పక్క నుంచి వెనక గుమ్మం గుండా జారుకున్నాడు. గేటు బయట చంటిపిల్ల ఏడుపు వినబడుతూనే ఉంది. నడుస్తూ ప్రతి మనిషినీ అనుమానంగా చూశాడు. వీడియో తీసింది ఎవరు? ఎదురుగా రీఛార్జి షాపు కుర్రాళ్ళా? ఆటో స్టాండులో వాళ్ళా? అందరూ రోజూ నమస్కారం పెట్టేవాళ్ళే. ఎవడిని అనుమానించినా పాపంగానే తోచింది, ఎవడినీ అనుమానించకుండా ఉండడమూ చేతకాలేదు.

శనివారం మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు ఇంకో పిచ్చిపని చేశాడు. కొత్తబట్టలు వేసుకుని చూసుకునే నిలువుటద్దం ముందు నిలబడి, కళ్ళద్దాలు తీసి, సూరా చదువుకుని, ఎప్పుడూ ఊదినట్టే ఊదాడు. అద్దం మీద తెల్లగా మసక పట్టింది. వేలితో రాసి చూశాడు. వేలు తడిగా ఉందా? ఆవిరేనా ఇది, తుంపరా? మళ్ళీ ఊదాడు. ఈసారి కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. నలభై ఏళ్ళలో తన నోట్లోంచి ఏమొస్తోందో చూసుకోవాలన్న ఆలోచనే రాలేదే! నిజంగానే ఒక్క చుక్కయినా పడలేదని ఖురాను మీద ప్రమాణం చెయ్యగలడా? మాట్లాడితే పడుతుంది, నవ్వితే పడుతుంది, తుమ్మితే సరేసరి. ఏమో! ఆయనకే తెలియలేదు. అద్దాన్ని పాతగుడ్డతో నాలుగుసార్లు తుడిచి కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున్న గురుప్రసాద్ ఇంటికి బయల్దేరినప్పుడు దండెం మీద నుంచి ఆ నీలం చొక్కానే తీసి వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో అడిగితే చెప్పలేడు. రహమత్‌బీ చూసి, అదెందుకు, ఇంకోటి వేసుకోమంది. ఈయన వినలేదు.

ముందు గదిలో కుర్చీ, ఎదురుగా స్టాండుకి తగిలించిన ఫోను, అంతా సిద్ధంగా ఉంది. గురుప్రసాద్ కాగితం మీద నాలుగు వాక్యాలు గుండ్రటి అక్షరాలతో రాసిపెట్టాడు. అతని భార్య హైమ పిల్లని చంకనేసుకుని వచ్చి "బాగున్నారా అండీ" అని పలకరించింది. సాహెబు పెదాలు ఎండిపోయి ఉండడం చూసి లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన చెయ్యి చాచాడు, గ్లాసు చూశాడు, చెయ్యి ఆగిపోయింది. ఆ గ్లాసే. అంచు కింద చుక్కల పేరు. ఆ ఇంట్లో డజను గ్లాసులు ఉంటే, హైమ చేతికి ఇదే రావాలా!

వంటగది గుమ్మం దగ్గర వర్ధనమ్మగారు నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమె ఫోన్లో కూడా గ్రూపులు ఉన్నాయి మరి. ఆమె చూడకుండా ఉంటుందా? సాహెబు తల దించుకున్నాడు.

"మొదలెట్టండి," అన్నాడు గురుప్రసాద్.

"నా పేరు షేక్ సిలార్. నర్సీపట్నంలో దర్జీని. ఈ మధ్య ఒక వీడియో..." అని కాగితం చూస్తూ చదివాడు. "ఆ వీడియోలో ఉన్నవాడు చేసింది..." అక్కడ ఆగిపోయాడు. కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"మళ్ళీ తీద్దాం, పరవాలేదు. కంగారు పడకండి."

"బాబూ, అది నేనే."

"ఏది?"

"వీడియోలో ఉన్నోడు. నేనే."

గురుప్రసాద్ నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ఊరుకోండి సాయిబుగారూ! టెన్షన్లో ఏదేదో సెప్తున్నారు. మిమ్మల్ని నేను ఎరగనేటి?"

సాహెబుకి ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. రెండు రోజుల నుంచి నలిగిపోతున్న మనిషి, చివరికి నోరు విప్పి నిజం చెబితే అదీ నమ్మరా! "ఎరగవు బాబూ!" అన్నాడు గట్టిగా. "నలభై ఏళ్ళు సూసి ఎరగవు. అద్దాలు తీసి టోపీ ఎడితే నన్ను నువ్వు ఎరగవు. ఇదిగో గుండీ. ఇదిగో జేబు. సూడు, ఫోను తియ్యి, సూడు!"

గురుప్రసాద్ ఫోను తీశాడు. గుండీ చూశాడు, జేబు చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు. మొహంలో నవ్వు మెల్లగా పోయింది. "మీరా?" అన్నాడు. తర్వాత ఎవరో ఒకరి మీద కోపం తెచ్చుకోకపోతే ఊపిరాడదన్నట్టు, "అయితే మీ దగ్గరికి నీళ్ళు తెచ్చిందెవరు? ఎవరా బుద్ధిలేని మనిషి? ఇలాంటోళ్ళ వల్లే కదా ఇదంతా!" అన్నాడు.

"అది సెప్పలేను బాబూ. మాటిచ్చాను."

"మీకేటి భయం? పేరు సెప్పండి."

"సెప్పను."

వర్ధనమ్మగారు గుమ్మం దగ్గర నుంచి కదిలి వచ్చింది. బల్ల మీద గ్లాసు తీసి, పేరు కనబడేలా తిప్పి, కొడుకు ముందు ఠక్కున పెట్టింది. నీళ్ళు తొణికి కాగితం మీద పడ్డాయి.

"పెద్ద సదువులు సదివావు కదా, ఇది సదువు. ఆ ఫోన్లో కూడా పెద్దది సేసి సదువు."

అతను చదివాడు. పైకి చదవలేదు. హైమ వెనక నుంచి తొంగి చూసి "అత్తయ్యా..." అంది. ఆ వెంటనే ఏం చేసిందంటే, చీర కొంగుతో పిల్ల మూతి తుడిచింది. ఆ నీళ్ళు ఎప్పుడు తాగిందో ఏమో, అయినా తుడిచింది. అది సాహెబు చూశాడని గ్రహించి చెయ్యి దించేసుకుంది, మొహం ఎర్రబడింది. హైమ మనసులో చెడ్డేమీ లేదు. తనెందుకు తుడిచిందో తనకే తెలియదు.

"పాప తాగిందా అత్తయ్యా ఆ నీళ్ళు?"

"తాగింది. మీ ఆయనా తాగాడు, మూడేళ్ళప్పుడు. టైఫాయిడు వచ్చి నలభై రోజులు మంచమ్మీదుంటే, ఆసుపత్రి మందు ఒక సేత్తోనూ, ఈ నీళ్ళు ఒక సేత్తోనూ పట్టాను. ఏది పనిసేసిందో నాకు తెలీదు. ఊదింది ఈయనే."

"కానీ... ఉమ్మినట్టే కనబడిందమ్మా," అన్నాడు గురుప్రసాద్. చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. "నేను కళ్ళారా చూశాను కదా."

"అంత నెమ్మదిగా తిప్పితే, నువ్వు అమ్మా అని పిలిసినా ఉమ్మినట్టే ఉంటాది."

గురుప్రసాద్ ఫోను తీసుకుని వేళ్ళు ఆడించాడు. గ్రూపులో పెట్టి మూడు రోజులైపోయింది. అందరి ఫోన్లలోంచీ తీసేసే దారి ఇక లేదు, తన ఫోన్లోంచి మాత్రమే తీసుకోగలడు. తన గ్రూపు నుంచి ఎవరెవరు ఎక్కడెక్కడికి పంపారో దేవుడికే తెలియాలి. "ఇప్పుడు నేను ఏటి పెట్టాలి?" అన్నాడు ఎవరితోనో. "మా అమ్మే అని పెట్టాలా? సాయిబుగారే అని పెట్టాలా? పెడితే వాళ్ళు ఇంటిమీదకి రారూ? పెట్టకపోతే..."

సాహెబు గ్లాసు అందుకుని మిగిలిన నీళ్ళు తాగాడు. గడప దాటుతుంటే గురుప్రసాద్ వెనకాలే వచ్చి "సాయిబుగారూ" అని మాత్రం అన్నాడు. "ఎల్లొస్తాను బాబూ" అని ఈయన చెప్పులేసుకున్నాడు.

ఆ సాయంత్రం నమాజు అయ్యాక కుళాయిల వైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగి గేటు వైపే వచ్చాడు. రోజూ ఏడెనిమిది మంది ఆడవాళ్ళు నిలబడే చోట ఈరోజు ఒక్క మనిషి ఉంది. వర్ధనమ్మగారు, భుజాన మనవరాలు, చేతిలో గ్లాసు. కాస్త ఎడంగా, గోడవారన, హైమ. రోడ్డుకి అవతల స్కూటరు మీద గురుప్రసాద్. స్టాండు వెయ్యలేదు, ఇంజను ఆపలేదు. ఇటు రావడంలేదు, పోవడమూ లేదు. ముందు నడిచిన నలుగురు నమాజీలు అటూ ఇటూ చూసి, ఊదకుండానే తలలు దించుకుని వెళ్ళిపోయారు.

సిలార్ సాహెబు వెళ్ళి నిలబడ్డాడు. సూరా మొదలుపెట్టాడు. నలభై ఏళ్ళుగా నీళ్ళలా వచ్చేది, ఈరోజు ఒకచోట తడబడి మళ్ళీ మొదటికి వచ్చింది. చదవడం పూర్తయింది. ఊదాలి. పెదాలు ముడిచేసరికి ఆ ఎర్రసున్నా తన మూతి చుట్టూ ఉన్నట్టే అనిపించింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయి రుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"గుడ్డ తియ్యండి సాయిబుగారూ," అంది వర్ధనమ్మగారు. "గాలి తగలొద్దేటి పిల్లకి?"

ఆయన రుమాలు తీశాడు. ఊదాడు. పిల్ల కళ్ళు చికిలించి, జుట్టు ఎగిరినందుకు కాబోలు కిసుక్కున నవ్వింది. వర్ధనమ్మగారు గ్లాసు ముందుకు చాచింది. కానీ సాహెబు గ్లాసు వైపు చూడలేదు. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని, పిల్ల బుగ్గల మీద తడి ఏమైనా పడిందేమోనని వంగి వెతుకుతున్నాడు.